ఎర్ర కారు ధర నుండి మా యింటికి కలిగిన విడుదల

సముద్రానికి ఇసుకను హద్దుగా నిలిపినవాడు, ఎన్ని తుపానులు వచ్చినా మా విశాఖపట్నంలో ఇంత పెద్ద సంఘాన్ని పాడేలా ఉంచినవాడు, మన ప్రభువైన దేవునికి ముందుగా స్తోత్రం. ఆయన మంచివాడు, ఆయన చేసే మేలు ఒక్కోసారి నవ్వు తెప్పించేలా ఉంటుంది. కాబట్టి సహోదరులారా, సహోదరీలారా, నా సాక్ష్యంలో నవ్వొచ్చిన చోట మొహమాటపడకుండా నవ్వండి. మేము కూడా ఇప్పుడు నవ్వుతున్నాం.

నా పేరు మార్తమ్మ, మాది మల్కాపురం. మావారు దానియేలు గారు పోర్టు వర్క్‌షాపులో ఫిట్టరు. సాక్ష్యాల్లో తాగుడు గురించి వింటాం, రోగం గురించి వింటాం, ప్రభువు కృపవలన అవేవీ మా గడప తొక్కలేదు, మా యింటికి వచ్చిన చీకటి మాత్రం ఎర్రరంగులో, రెండు తలుపులతో, తళతళ మెరుస్తూ వచ్చింది. అది ఒక విదేశీ స్పోర్ట్స్ కారు. స్టీలు ప్లాంటు కట్టే రోజుల్లో ఊళ్లోకి వచ్చిన ఒక తెల్ల ఇంజనీరుది, సెలవు రోజుల్లో మావారే దాన్ని బాగుచేసేవారు. ఆ ఇంజనీరు స్వదేశానికి వెళ్లిపోతూ, ఇంజను చెడిపోయి మూలపడి ఉన్న ఆ బండిని పాత స్కూటరు ధరకు మావారికి ఇచ్చేశాడు.

మా యింటిని ఆనుకుని ఒక రేకుల షెడ్డు ఉంది, అది విశ్వాసులు తలా ఒక చెయ్యి వేసి బుధవారం ప్రార్థన కోసం నిలబెట్టినది. పోర్టు కళాసీలు, చేపలమ్మే అమ్మలు, చుట్టుపక్కల మామ్మలు చాపలు తెచ్చుకుని కూర్చునేవారు, పాట మొదలైతే వీధి చివరికి వినబడేది. కారును ఆ షెడ్డులోనే ఒక పక్కకు పెట్టి, మావారు ఓపికగా విడిభాగాలు చేసుకుని దాన్ని నడిపించారు, ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బీచ్ రోడ్డులో తిప్పేవారు, నేను చీర కొంగు గట్టిగా పట్టుకుని కీర్తన పాడుతుంటే ఆయన హారన్‌తో తాళం వేసేవారు. అవి మంచి రోజులు. ఎవరూ ధర చెప్పని రోజులు.

ధర చెప్పినవాడు మా తమ్ముడు రాజు. వాడు మద్దిలపాలెంలో పాత కార్లు కొని అమ్మే బేరగాడు. ఒక సాయంత్రం వచ్చి టీ తాగుతూ, "బావా, రుషికొండలో సాఫ్ట్‌వేరాయనొకడు ఈ బండి అడగతన్నాడు. నువ్వు కొన్నదానికి పదింతలిత్తాడట" అన్నాడు.

మావారు కప్పు కింద పెట్టి, "ఇప్పుడే పదింతలైతే వచ్చే ఏడుకి ఎంతవుద్దిరా?" అన్నారు.

"ఇంకా పెరుగుద్ది బావా. ఇలాటి బండ్లు మళ్లీ సెయ్యరు కదా. సిన్నప్పుడు దీని బొమ్మ గోడకి అంటించుకున్నోల్లంతా ఇప్పుడు బాగా సంపాదించేరు. ఆల్లకి ఏటి కావాలి? ఆ బొమ్మే కావాలి."

వాడు చెప్పింది అబద్ధం కాదు. కానీ ఆ మాటతో మావారి మనసులో ఒక మేకు దిగింది. మర్నాటి నుండి బండి రోడ్డెక్కలేదు, తిరిగితే విలువ తగ్గుతుందట. మా సముద్రపు గాలి సంగతి మీకు తెలుసు, తలుపు గొళ్లేన్ని కూడా తినేస్తుంది, అందుకని ఆయన తెల్లవారకముందే లేచి గుడ్డతో తుడిచి, నూనె రాసి, టార్పాలిన్ కప్పి, ఎక్కడైనా తుప్పు చుక్క కనబడిందా అని టార్చితో వెతికేవారు. ఇదివరకు ఆ వేళకు ఆయన మోకాళ్ల మీద ఉండేవారు. ఆ తరువాత ఆదివారాలు పోయాయి, అందరూ గుడికి పోతే బండికి కాపలా ఎవరు? చివరికి బుధవారం కూడా పోయింది. "మామ్మల గాజులు తగిలితే రంగు గీసుకుపోద్ది" అని షెడ్డుకు తాళం వేశారు. చాపలు చంకన పెట్టుకుని వచ్చినవాళ్లు తాళం చూసి వెనుదిరుగుతుంటే నేను కిటికీలోంచి చూసి కన్నీళ్లు పెట్టుకున్నాను. దేవుని మందిరంగా ఉన్న చోట ఒక ధర కాపురం పెట్టింది, నా భర్త దానికి ఊడిగం చేస్తున్నాడు!

నేను ఉపవాసముండి ప్రార్థించాను. "ప్రభువా, ఈ కారు ధరను పడగొట్టు, యెరికో గోడను పడగొట్టినట్టు పడగొట్టు" అని అడిగాను. అడిగిన కొన్నాళ్లకే తమ్ముడు వచ్చి, "అప్పా, ఇంకొకాయన ఇంకా ఎక్కువిత్తానంటన్నాడు" అనేవాడు. నేను మళ్లీ ప్రార్థించేదాన్ని, ధర మళ్లీ పెరిగేది. ఎంత చెప్పినా మావారు అమ్మరు, ఇంకొంచెం పెరగనీ అంటారు. ఇలా ఏళ్లు గడిచాక ఒకరోజు అలసిపోయి, "తండ్రీ, ధర పెరగనీ, తగ్గనీ, అది నీ యిష్టం. నా మనిషిని మాత్రం నాకు తిరిగి ఇయ్యి" అన్నాను. ఆ ప్రార్థన చేశాకే నా గుండె తేలికపడింది.

ఆ యేడు కోతకాలపు పండుగ వచ్చింది. గుడికి రావడం మానేసినా ఆ ఒక్కరోజు మావారు వచ్చేవారు, ఎందుకంటే వేలంపాట పాడించేది ఆయనే. క్రేన్ల మోత మీద కేకలు వేసి వేసి ఆయన గొంతుకు మైకు అక్కర్లేదు. మన సంఘాల్లో ఆ వేలం ఎలా జరుగుతుందో మీకు తెలుసు, కోడిపుంజులు, కొబ్బరికాయలు, అరటి గెలలు తెచ్చి అర్పిస్తారు, పాడుకున్నవాళ్లు కొందరు డబ్బిచ్చి వస్తువును మళ్లీ వేలానికి తిరిగి ఇచ్చేస్తారు. ఆ రోజు నేను తెచ్చిన ఆనపకాయకు అదే జరిగింది. ఒక కళాసీ సోదరుడు సంతలో ఎవరూ ఇవ్వనంత ధరకు పాడి తిరిగి ఇచ్చేశాడు, ఇంకొకరు అంతకన్నా ఎక్కువకు పాడి తిరిగి ఇచ్చేశారు, మూడోసారి కూడా అది బల్ల మీదకే వచ్చింది. ముందు వరసలో శాంతమ్మ మామ్మ కూర్చుని ఉంది. ఎండుచేపలు అమ్ముకునే ముసలమ్మ, బుధవారం ప్రార్థనకు అందరికంటే ముందు వచ్చే మనిషి.

"ఒరే దానియేలూ, దీన్ని ఎవులూ కూరొండుకోరేట్రా?" అంది.

"ఇది దేవుడి కాయ మామ్మా. దీని ధర కాయలో నేదు, ఇచ్చినోల్ల మనసులో ఉంది" అన్నారు మావారు ఊపులో.

"మరి నీ కారు ధర ఎక్కడుందిరా?"

గుడంతా గొల్లున నవ్వింది. "మూడోసారి" అని కేక వెయ్యడానికి ఎత్తిన చెయ్యిని మావారు కిందికి దించేశారు. తన నోటితో తానే చెప్పిన మాట ఆయన్ను పట్టుకుంది. "తెల్దు మామ్మా" అన్నారు, తరువాత ఆయనకే నవ్వొచ్చింది, నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకున్నారు. వేలం ముగించి అందరూ వినేలా, "మామ్మా, బుదవారం సాప పట్టుకుని రా" అన్నారు. దేవునికే మహిమ! ఏళ్ల తరబడి నా ఉపవాసాలు అడిగినదాన్ని ప్రభువు ఒక ముసలమ్మ వేళాకోళంతో చేసిపెట్టాడు.

ఆ బుధవారం మావారు తాళం తీసి, కారును బయటకు తోలి వీధిలో నిలబెట్టారు. షెడ్డు ఊడ్చి చాపలు పరిచాం. మొదటి పాట అవుతుండగా చినుకులు మొదలయ్యాయి, అప్పుడే మా తమ్ముడు కొత్త బేరంతో స్కూటరు మీద వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"బావా, వాన పడతంది. బండి బయటుంది. ధర సగానికి పడిపోద్ది."

"పడనీరా. నువ్వు తడుస్తన్నావ్, లోపలికి రా" అన్నారు మావారు, తన చాప మీద పక్కకు జరిగి.

అన్నాళ్లూ ప్రార్థన గుమ్మం తొక్కని వాడు ఆ రోజు చెప్పులు విప్పి కూర్చున్నాడు.

కారు ఇప్పటికీ మాతోనే ఉంది. బుధవారాలు మామ్మల్ని ఒక్కొక్కరినే ఎక్కించుకొచ్చి దింపుతుంది, తలుపు మీద గాజుల గీతలు పడ్డాయి. అలాంటి బండ్ల ధర పెరగడంలో అర్థముందా అని మీరు అడిగితే, ఉందనే చెబుతాను. మళ్లీ తయారుకానిదాన్ని, చిన్ననాడు ఆశపడినదాన్ని మనిషి ఎక్కువ పెట్టి కొనుక్కుంటాడు, కొని సంతోషంగా తిరిగితే అందులో పాపమేమీ లేదు. కానీ రేపటి ధర కోసం ఈ రోజు ఆనందానికీ ఆరాధనకూ తాళం వేసుకుంటే, ఆ ధర ఎంత పెరిగినా మన చేతికి ఏమీ రాదు. మీ యింట్లో కూడా టార్పాలిన్ కప్పిన వస్తువు ఏదైనా ఉందేమో, స్థలం కావచ్చు, బంగారం కావచ్చు. ప్రభువును నమ్మి ఆ తాళం తీయండి. రండి, ఉన్నచోటే తల వంచి నాతో కలిసి ఇలా అడగండి: "తండ్రీ, విలువ పెంచేది నీవే, తగ్గించేది నీవే. నా చేతిలో ఉన్నదానితో నీ బిడ్డలకు చోటివ్వడం నాకు నేర్పించు. యేసు నామమున అడుగుతున్నాము, ఆమేన్."