మట్టి బస్తా దించిందెవరు?

నేను దయ్యాలను నమ్మను. ముందే చెబుతున్నాను, ఇది చదివాక నన్ను ఆ గుంపులో కలపకండి. చిన్నప్పుడు మా పెనుబల్లి దగ్గర కొరివి దయ్యం తిరుగుతోందని అందరూ తలుపులేసుకుంటే, మా నాన్న నన్ను వెంటబెట్టుకెళ్లి చూపించాడు. అది చేపలు పట్టేవాడి లాంతరు. అప్పట్నుంచి ఎవరు దయ్యం కథ మొదలుపెట్టినా నాకు నవ్వే. కానీ ఒక మట్టి బస్తా సంగతి మాత్రం ఇన్నేళ్లయినా కొరుకుడు పడలేదు.

ఎనభైల నాటి మాట. జూలూరుపాడు వైపు అడవి అంచు ఊరికి నేను కోడలిగా వచ్చి కొన్నేళ్లయింది. మా చేను చివర నల్లమద్ది చెట్టు మీద ఒక మంచె ఉండేది. మామయ్య కుర్రతనంలో వేట కోసం కట్టింది. వేట బందయ్యాక దాని మీదే కూర్చుని మొక్కజొన్నను అడవి పందుల నుంచి కాసేవారు. పంట ఇంటికొచ్చాక దాని జోలికి ఎవరూ పోరు. మళ్లీ ఎండాకాలంలో, వానలకు ముందు, కుళ్లిన బొంగులు తీసేసి, తాళ్లు మార్చి బాగుచేసుకోవాలి.

ఆ పనంతా అయ్యాక మామయ్యది ఒక పరీక్ష ఉండేది. ఒకసారి మంచె విరిగి పడి ఆయన కాలు కుంటిదైంది. అందుకే ముందు మనిషి కాదు, బస్తా ఎక్కాలి అనేవారు. తడిమట్టి నింపిన గోనెను మోకుతో పైకి లాగి రాత్రంతా ఉంచేవారు. పొద్దున్నే వెళ్లి చూసి, నచ్చకపోతే బస్తా దించి చెట్టు మొదట్లో పెట్టి, దాని మీద నిచ్చెన అడ్డంగా పడుకోబెట్టి వచ్చేసేవారు. నోటితో ఏమీ చెప్పరు. అది చూస్తే ఇంట్లో ఇంకెవరూ మంచె ఎక్కరు.

ఆ ఏడు మామయ్య లేరు. చలికాలంలో జ్వరమొచ్చి పోయారు. మా ఆయన ఒక్కరే మంచె బాగుచేశారు. సాయంత్రం నేనూ ఓ చెయ్యి వేస్తే ఇద్దరం కలిసి బస్తా పైకి లాగాం.

పొద్దున వెళ్లేసరికి బస్తా చెట్టు మొదట్లో ఉంది. మూతి కట్టు విప్పలేదు, గోనె చిరగలేదు. పై నుంచి పడ్డ గుర్తులే లేవు. దాని మీద నిచ్చెన అడ్డంగా పడుకోబెట్టి ఉంది. నాకు భయం తర్వాత వచ్చింది, ముందు మాత్రం ఎవరు దించారా అన్న ఆరాటమే.

మా ఆయన నా వైపు అనుమానంగా చూశారు. "ఏందే, గిది నువ్వు చేసినవా? నేను మంచెక్కుడు నీకిష్టం లేదుగా."

"నేనా? నిన్న ఇద్దరం లాగితేనే నా రెక్కలు పడిపోయినయ్!"

అయితే ఎలుగుబంటి అన్నారు. చెట్టంతా వెతికాను, ఒక్క గోటి గీత లేదు. నేల మీద మా ఇద్దరి అడుగులే. ఎలుగుబంటి నిచ్చెన సర్దిపెడుతుందా అంటే ఆయనకు కోపమొచ్చి, నిచ్చెన లేపి చెట్టుకు ఆనించారు. నేను వెళ్లి కింది మెట్టు మీద కూర్చున్నాను. నమ్మనిదాన్ని, ఎందుకు కూర్చున్నానో అడగకండి. ఎక్కితే ఈయన నాకు దక్కరనిపించింది.

"లెవ్వు. పందులొచ్చి చేను నాకిపోతే ఏడాదంతా ఏం తింటం?"

"మొన్ననే మామయ్యను సాగనంపినం. ఎక్కాలంటే నన్ను తొక్కి ఎక్కండి." ఏడుపు ఆపుకోలేకపోయాను.

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు, మా ఇంట్లో ఇద్దరం మొండివాళ్లమే. బస్తా లాగిన మోకు ఇంకా మంచె మోసే కొమ్మ మీదే వేలాడుతోంది. నన్ను పక్కకు లాగి, దాని రెండు కొసలూ మేం పొద్దున తోలుకొచ్చిన ఎడ్ల కాడికి కట్టారు. "చూడు, ఉక్కు లెక్కుంటది" అంటూ అదిలించారు.

మోకు బిగుసుకుందో లేదో, కొమ్మ మంచెతో సహా ఊడిపడింది. పైన బెరడు పచ్చిగానే ఉంది. లోపలంతా చెద తినేసిన బోలు. మా ఆయన అందులో చెయ్యి పెట్టి చూసుకుని, అక్కడే కూలబడ్డారు.

బస్తా ఎవరు దించారని ఎన్ని విధాలుగా ఆలోచించానో. నిచ్చెన గుర్తు మా ఇంట్లోవాళ్లకే తెలుసు. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు, వాకిలి దాటడమే గగనం. పైగా ఆ రాత్రి నా పక్క మంచంలోనే పడుకుంది. ఏ లెక్కా కుదరలేదు, ఇప్పటికీ కుదరడం లేదు.

తర్వాత ఇప్పచెట్టు మీద కొత్త మంచె కట్టాం. బస్తా లాగే రోజు అత్తమ్మ నా చేతికి ఒక చుట్ట ఇచ్చి, బస్తా మూతికి కట్టమంది. మామయ్యకు చుట్ట లేనిదే పొద్దు పోయేది కాదు. నవ్వొచ్చినా కట్టాను.

పొద్దున చూస్తే బస్తా పైనే ఉంది, చుట్ట కట్టింది కట్టినట్టే ఉంది. మా ఆయన ధైర్యంగా ఎక్కి విప్పుకొచ్చారు. తీసుకెళ్లి అత్తమ్మ చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కొంగుతో కళ్లొత్తుకుంది.

"బతికున్నన్ని రోజులు మానుమని మొత్తుకున్న, వినలే," అంది. "ఇప్పుడు మానిండు మీ మామ."