దుర్గయ్య నవ్విన రాకెట్

నాంపల్లి స్టేషన్ వెనక ఒక పాత క్లబ్బులో రెండు మట్టి టెన్నిస్ కోర్టులున్నాయి. దుర్గయ్య అక్కడ మార్కరు. అంటే, జోడీ దొరకని మెంబర్లకు అవతలి వైపు నిలబడి బంతులు కొట్టిచ్చే మనిషి. చిన్నప్పుడే మెదక్ వైపు నుంచి కోర్టుకు నీళ్లు చల్లే పనికి వచ్చాడు. చూసి చూసి ఆట నేర్చుకున్నాడు. ఇప్పుడు అరవైకి దగ్గర పడ్డాడు. చేతిలో మాత్రం ఎప్పుడూ బరువైన, చిన్న తల రాకెట్టే.

"రాకెట్ గాదు సార్, చెయ్యి కొట్టాలె" అనేవాడు. క్లబ్బులో ఎవరు కొత్త రాకెట్ కొన్నా ముందు అతని చేతిలో పెట్టి ఎలా ఉందో అడిగేవారు. ఆ అడగడం అతనికి ఇష్టంగా ఉండేది.

ఎండాకాలంలో కమలకుమారి మెంబరుగా చేరింది. అబిడ్స్‌లో చిరాగ్ అలీ లేన్‌లో ఉంటుంది. తాతగారి రోజుల్లోనే ఏలూరు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. బ్యాంకులో రిటైరై, కాలేజీలో వదిలేసిన టెన్నిస్ మళ్లీ ఆడాలని వచ్చింది. చేతిలో మునుపటి సత్తువ లేదని దుకాణంలో చెప్పుకొని, బాగా తేలికైన రాకెట్ కొనుక్కుంది. తల వెడల్పు, ఫ్రేము మందం. కొంచెం ఊపితే చాలు, బంతి దూరం పోతుందట.

"దుర్గయ్యగారూ, కాస్త ఆడి చూసి ఎలా ఉందో చెప్పండి" అంటూ అతనికిచ్చింది.

కోర్టు పక్కన మెంబర్లు చాయ్ తాగుతున్నారు. దుర్గయ్య రాకెట్‌ను అరచేతిలో ఎగరేసి పట్టుకున్నాడు.

"ఏంది మేడమ్ గిది? దోమలు కొట్టే బ్యాటా?"

అందరూ గొల్లుమన్నారు. నాంపల్లి కోర్టులో ప్రాక్టీసు చేసే వకీలు రత్నాకర్‌కైతే చాయ్ పొలమారింది. ఆ నవ్వు దుర్గయ్యకు ఇంకా హుషారిచ్చింది.

"చేతుల బలం లేనోళ్లకు, ముసలోళ్లకు చేస్తరు గిసుంటివి. ఆట నేర్సుకోవాల్నంటే గిది పక్కకు పెట్టుర్రి."

కమలకుమారి కూడా నవ్వింది. కానీ చెవులు ఎర్రబడ్డాయి. రాకెట్‌ను క్లబ్బు బీరువాలో పెట్టేసి, మర్నాటి నుంచి క్లబ్బుకున్న బరువు రాకెట్ పట్టుకుంది. కొన్నాళ్లకు మోచెయ్యి నొక్కుకోవడం మొదలుపెట్టింది.

"జర నొస్తది మేడమ్. ఆడంగ ఆడంగ అలవాటైతది" అన్నాడు దుర్గయ్య.

తర్వాత ఆమె రావడం మానేసింది. వానలు పడుతున్నాయి కదా, అందుకేనేమో అనుకున్నాడు.

ఆ వానల్లోనే అతని భుజం పట్టేసింది. దవాఖానలో డాక్టరు బరువు ఎత్తొద్దన్నాడు. సర్వీసు కొడితే బంతి నెట్‌లో పడుతోంది. ఉద్యోగం పోతుందన్న భయంతో ఎవరికీ చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం క్లబ్బులో ఎవరూ లేరు. బంతుల కోసం బీరువా తెరిస్తే ఆ రాకెట్ కనబడింది. ఊరికే చూద్దామని దాన్ని తీసుకుని, ఒంటరిగా బంతి కొట్టుకునే ప్రాక్టీసు గోడ దగ్గరికి వెళ్లాడు. ఎప్పటిలా బలంగా ఊపాడు. బంతి గోడ దాటిపోయింది. రెండోదీ అంతే. "నేను చెప్పలే?" అనుకుని నవ్వుకున్నాడు. మూడోసారి భుజం సహకరించక సగమే ఊపాడు. బంతి తిన్నగా వెళ్లి గోడకు గట్టిగా తగిలి తిరిగొచ్చింది. భుజం నొప్పి పెట్టలేదు. మళ్లీ కొట్టాడు. చొక్కా తడిసిపోయేదాకా కొడుతూనే ఉన్నాడు.

లోపం లేకపోలేదు. బంతి నడిమధ్యన తగలకపోతే రాకెట్ చేతిలో తిరిగిపోతోంది. నెట్ దగ్గర వేగంగా వచ్చే బంతికి అది ఆగదు. దుర్గయ్య ఆ లోపాన్ని పట్టుకుని తన మాటే నిజమని అనుకోవాలని చూశాడు. కుదరలేదు. వెనక నిలబడి, పొట్టి ఊపుతో, బలం లేని చేత్తో ఆడే మనిషికి ఇంతకంటే ఏం కావాలి? ఆమె ఆడి చూడమంది. అతను ఒక్క బంతి కూడా కొట్టలేదు. మోచెయ్యి నొక్కుకుంటూ ఆమె తన ముఖంలోకి చూసిన తీరు గుర్తొచ్చి కొట్టడం ఆపేశాడు.

మర్నాడు రాకెట్ పట్టుకుని చిరాగ్ అలీ లేన్‌కు వెళ్లాడు. తలుపు తీసిన కమలకుమారి మోచేతికి పట్టీ ఉంది.

"నాదే తప్పు మేడమ్. ఇది మంచి రాకెట్. మీకు ఇదే సరిపోతది. నిన్ననే ఆడి చూసిన."

ఆమె రాకెట్ అందుకుంది. "నవ్వితే నవ్వారు, అది నేనెప్పుడో మర్చిపోయాను. ఆడకుండానే చెప్పారు చూడండి, అదీ బాధ. మీకు తెలుసు కదా అని నేనూ నమ్మాను." రాకెట్‌ను తలుపు పక్కన ఆనించి అంది, "ఆ రోజు నలుగురిలో అన్నారు. ఇవాళ ఎవరూ లేకుండా మా గుమ్మంలో చెబుతున్నారు."

ఆమె ఇచ్చిన మంచినీళ్లు తాగి అతను వెనుదిరిగాడు.

తర్వాతి రోజు చాయ్ వేళకు దుర్గయ్య మెంబర్ల ముందు నిలబడ్డాడు. "కమలకుమారి మేడమ్ రాకెట్ గురించి నేను తప్పు మాట్లాడిన సార్."

"ఏ రాకెట్?" అన్నాడు రత్నాకర్.

ఎవరికీ గుర్తులేదు. గుర్తు చేయాలంటే ఆ మాట మళ్లీ అనక తప్పలేదు. "గదే... దోమలు కొట్టే బ్యాటా అని అన్న గద."

అందరూ మళ్లీ గొల్లుమన్నారు. దుర్గయ్యకు తల కొట్టేసినట్టయింది.

"నవ్వకుర్రి సార్" అన్నాడు. గొంతు పెద్దదైంది. "ఒక్క బంతి కొట్టకుండ అన్న. నా మాట ఇని మేడమ్ చెయ్యి ఖరాబు చేసుకున్నది. నా భుజం గూడ పోయింది. ఇగ నేను గసుంటి రాకెటే పట్టుకోవాలె."

నవ్వులు ఆగాయి. రత్నాకర్ కప్పు కింద పెట్టాడు.

క్లబ్బు అతన్ని తీసేయలేదు. సాయంత్రాలకు ఇంకో మార్కరును పెట్టి, అతనికి పొద్దుటి పూట మాత్రం ఉంచింది. ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో ఏటా జనవరిలో జరిగే నుమాయిష్‌కు స్టాళ్లు లేస్తున్న రోజుల్లో కమలకుమారి తిరిగొచ్చింది. అతను బంతులు మెల్లగా వేశాడు. ఆమె బాగానే కొట్టింది. ఆ రోజూ, ఆ తర్వాతా, ఆమె పాత సంగతి ఎత్తలేదు. ఒక్కసారి ఎత్తి నాలుగు మాటలన్నా బాగుండేదని దుర్గయ్యకు చాలాసార్లు అనిపించింది.