అంబదాస్ అరచేతిలో ఎరుపు

అంబదాస్ ఒక్కచోట కూచోగా చూసినవాళ్లు సూరత్ పక్కనున్న భేస్తాన్‌లో ఎవరూ లేరు. చాయ్ కూడా నిలబడే తాగుతాడు, అదీ ఈ కాలి మీద కాసేపు, ఆ కాలి మీద కాసేపు! సిరిసిల్ల నుంచి సూరత్‌కు మగ్గాల పని మీద వచ్చినవాడే. కానీ పవర్‌లూమ్ ముందు మనిషి కుదురుగా ఉండాలి కదా? ఈయనేమో పోగు తెగిందంటే చాలు, పక్కవాడి మగ్గం దగ్గర కబుర్లలో తేలేవాడు. సేఠ్ దండం పెట్టి పంపించేశాడు. ఆ తర్వాత రైల్వేలో రోజుకూలీ పెయింటరయ్యాడు. పట్టాల వెంట నడుస్తూ నడుస్తూ రంగులెయ్యడం! ఆయన కోసమే పుట్టించిన పనిలా లేదూ?

ఆ పని గురించి ఆయన మొదలుపెట్టాడా, ఇక మన పొయ్యి మీద పప్పు మాడాల్సిందే. పట్టా జాతకమంతా దాని ఒంటి మీదే ఉంటుందట. ఏ కార్ఖానాలో ఏ సంవత్సరం పుట్టిందో ఇనుములోనే పొంగిన అక్షరాలుంటాయి. పరీక్ష చేసిన తేదీ తెల్లరంగుతో రాస్తారు. లోపల పగులుంటే ఎర్ర ఇంటూ గుర్తు. ఒకటైతే కనిపెట్టి ఉండమని, మూడైతే వెంటనే మార్చమని. ఆఖరికి పాత సామానులోకి పోయేటప్పుడు కూడా ఓ మాట రాయించుకునే పోతుంది. "నేను పుట్టిన దినం మా అవ్వకే యాదికి లేదు, దాని నసీబు చూడుండ్రి!" అని నవ్వేవాడు.

సరే, అసలు సంగతికొస్తాను. ప్లేగు వచ్చి పోయిన తర్వాతి రోజులు. సూరత్‌లో ఎటు చూసినా ఊడవడం, కడగడం, సున్నాలెయ్యడం. ఆ గాలి రైలువాళ్లకూ సోకింది. ఓ చిన్న స్టేషన్‌కు, పేరెందుకులెండి, పెద్దసాబ్ తనిఖీకి వస్తున్నాడని కబురొచ్చింది. స్తంభాలకు సున్నం, పట్టాల పక్కలకు నల్లరంగు. పట్టాల కూలీలకు పెద్ద అయిన మేటు రాములు "జల్దీ, జల్దీ" అని అంబదాస్ వెంటపడి తరిమాడు. ఒక చేత్తో పట్టా పట్టుకుని వంగడం, ఇంకో చేత్తో కుంచె లాగడం. కళ్లు మాత్రం పట్టా మీద ఉంటేగా! ప్లాట్‌ఫారం మీద ఎవరు దిగారు, ఎవరు ఎక్కారు, అన్నీ కావాలి ఆయనకు.

సాయంత్రం ఇంటికొచ్చి కిరసనాయిలు గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. ఎడమ అరచేతిలో నలుపు పోయింది. కింద ఎరుపు తేలింది.

"ఎవరి పెండ్లిల మైదాకు పెట్టిచ్చుకున్నవయ్యా?" అంది భార్య గంగవ్వ.

అంబదాస్ నవ్వలేదు. ఆ రోజు ఆయన ఎర్రరంగు డబ్బా మూతే తియ్యలేదు. పొద్దున పట్టాల్లో పగుళ్లు వెతికే పరీక్ష యంత్రం తోసుకుంటూ వెళ్లినవాళ్లు గుర్తుకొచ్చారు. వాళ్లు పెట్టిన గుర్తు ఆరకముందే తను చెయ్యి ఆనించాడు, పైన నలుపు పూసేశాడు. వాళ్ల కాగితం పై ఆఫీసు తిరిగి వచ్చేసరికి రోజులు పడుతుంది. అంతదాకా పగులు జాడ చెప్పేది ఆ గుర్తొక్కటే.

"గంగవ్వా, కిరసనాయిలు డబ్బా తే. నడువ్!"

"అన్నం తినవా?"

"బండొస్తది. ఇంకేం అన్నం!"

ఇద్దరూ స్టేషన్‌కు పరుగెత్తారు. పొద్దు వాలుతోంది. చెరో గుడ్డా పట్టుకుని తుడవడం మొదలుపెట్టారు. తీరా చూస్తే, కిరసనాయిలుకు నలుపూ ఎరుపూ ఒకటే, రెండూ ఊడొస్తున్నాయి! కాసేపటికి గంగవ్వ గుడ్డ ఇటుకరంగుకు మారింది. చోటు దొరికింది. గుర్తు మాత్రం గుడ్డలోకి వచ్చేసింది.

అప్పుడే రాములు ఊడిపడ్డాడు. "అరే పాగల్! తళతళ మెరిసేదాన్ని బురద చేసినవేందిరా? రేపు పొద్దుగాల సాబ్ వస్తుండు!"

"రాములన్నా, గీడ ఎర్రగుర్తుండె. నేను నలుపు పూసిన."

"ఒకటా, మూడా?"

"చూస్తే గదన్నా తెల్వనీకి!"

రాములు తల గోక్కున్నాడు. "ఒకటే ఉంటది తియ్. రేపటిదాంక ఏం గాదు. సాబ్ పోయినంక చూద్దాం."

"మూడైతే?"

రాములు వెళ్లిపోబోయాడు. గంగవ్వ ఊరుకుంటుందా! "నీ కొడుకు ఉధ్నా నుంచి గీ బండిలనే వస్తడు గద రాములన్నా. దిగినంక వాన్నే అడుగు, ఒకటా మూడా అని."

రాములు ఆమెను కొరకొరా చూసి, స్టేషన్ మాస్టర్ గది వైపు ఉరికాడు. బండిని బయటే ఆపించారు. మూడే అనుకుని, ఆ చోట పట్టాకు రెండు పక్కలా ఇనుప పలకలు బిగించారు. ఆ తర్వాతే బండి చీమలా పాకుతూ వచ్చింది. దిగి నెట్టమంటారా అని కిటికీలోంచి ఎవరో అరిచారు: "అరే భాయ్, ఉతర్‌కే ధక్కా మారేఁ క్యా?" అంబదాస్ మాత్రం ఒక్కో చక్రం దాటుతుంటే ఒక్కో అడుగు అటూ ఇటూ వేస్తూనే ఉన్నాడు.

మర్నాడు పెద్దసాబ్ నల్లటి లైను మధ్య ఆ ఇటుకరంగు మచ్చ దగ్గరే ఆగాడు. పలకలున్నాయి, గుర్తేదని అడిగాడు. రాములు నేల చూపులు చూస్తున్నాడు. అంబదాస్‌కు నోరు ఆగితేనా? "సాబ్, నేనే తుడిచి మిటాయించిన" అనేశాడు.

పక్షం రోజులు పనిలోకి రావద్దన్నారు. కూచోలేని మనిషికి ఇంట్లో కూచోమని శిక్ష! "గిది ఆయనకు కాదు, నాకేసిండ్రు" అని గంగవ్వ గల్లీ గల్లీ చెప్పుకుంది.

ఈలోపు పరీక్షవాళ్ల కాగితమొచ్చింది. ఒకటే గుర్తట! రాములు పనిగట్టుకుని ఇంటికొచ్చి మరీ ఎగతాళి చేశాడు. "ఒక్క గుర్తుకు బండి ఆపిచ్చినవ్ కదరా!"

"ఒకటని నీకు ఇయ్యాల తెల్సింది. ఆ రోజు తెల్వది" అన్నాడు అంబదాస్.

ఆ పక్షం రోజుల్లోనే ఆయన ఇల్లంతా సున్నం కొట్టేశాడు. కుంచె పెట్టే ముందు ప్రతిచోటా గోడను వేలితో అద్ది, వేలు వెలుగులోకి తిప్పి చూసుకోవడం!

"గోడకేం గుర్తులుంటయయ్యా?" అని గంగవ్వ కసిరింది.

"ఏమో" అని ఆయన ఇంకో జానెడు జరిగి, మళ్లీ వేలు పెట్టాడు.