మా అత్తది గ్రీజు పక్షం

మా అత్త వెంకటమ్మను ఎవరైనా ఒక మాట అంటే నాకు ఒళ్ళు మండుతుంది. మూకండపల్లిలో ఫ్యాక్టరీలకు పోయే దారి పక్కన ఆమెకు సైకిల్ షాపు ఉంది. మామ పోయాక దాన్ని అమ్మేయమని బంధువులంతా చెప్పారు. ఆమె వినలేదు. కొంగు నడుముకు చుట్టి, స్పానర్ పట్టుకుని కూర్చుంది. ఇప్పుడు దూరాన ఉన్న తళి ఊరి నుంచి కూడా సైకిళ్ళు ఆమెను వెతుక్కుంటూ వస్తాయి. కోడలిని కాబట్టి పొగుడుతున్నానని అనుకునేవాళ్ళు అనుకోండి. ఏ కోడలు అత్తను ఊరికే పొగుడుతుంది?

చక్రాల బేరింగులకు నూనె పోయాలా, గ్రీజు పెట్టాలా అన్న దగ్గర ఆమె ఎవరి మాటా వినదు. నూనె చైనుకు, గ్రీజు బేరింగుకు. నూనె పోస్తే చక్రం ఆ పూటకు గిర్రున తిరుగుతుంది, నిజమే. వాన నీళ్ళు తగిలితే అది కారిపోయి, లోపలి ఇనుప గుండ్లలో ఇసుక చేరుతుంది. గ్రీజు కాస్త బరువుగా తిరిగినా గుండ్లను వదలదు, నీళ్ళను రానివ్వదు.

పోయిన విజయదశమికి కృష్ణగిరిలో ఆడపిల్లల సైకిల్ పందెం పెట్టారు. మొదట వచ్చిన ముగ్గురికి సేలం పందెంలో చోటు. మా వీధి పవిత్ర దానికోసం ఏడాదిగా తొక్కుతోంది. అత్త ఆ పిల్ల సైకిల్ చక్రాలు విప్పి, కొత్త గుండ్లు వేసి, గ్రీజు పట్టించి ఇచ్చింది.

పందేనికి ముందురోజు ఆయుధపూజ. షాపు కడిగి, స్పానర్లన్నీ పీట మీద పేర్చి, పసుపు కుంకుమ పెట్టాము. పూజలో పెట్టిన పనిముట్టును మరునాడు హారతి ఇచ్చి దించేదాకా ముట్టుకోకూడదు. మా ఇంట్లో ఆ నియమం తప్పినవాళ్ళు లేరు.

సాయంత్రం పవిత్ర, వాళ్ళ నాన్న గోవిందప్ప సైకిలుకు బంతిపూల దండ వేసి తెచ్చారు. గోవిందప్ప ముందు చక్రం ఎత్తి తిప్పాడు.

“చూడక్కా, ఎట్ల తిరగతా ఉందో! పొద్దున్నే పైపు పెట్టి బాగా కడిగి, చక్రం నడిమి హబ్బు చిల్లిలో ఆముదం పోసినాను. వెనక దానికీ పోసినాను. పండగ దినం కదా, సైకిలుకీ తలంటు ఉండాల.”

అత్త నవ్వలేదు. చక్రం పుల్లల వెంట నల్లటి జిడ్డు కారుతోంది. వేలితో తీసి చూసింది.

“గ్రీజంతా కరిగి బయటికొచ్చేసింది కదప్పా. నీళ్ళు కూడా లోపలికి పోయినాయి. రేపు వానొస్తే బిడ్డ సగం దారిలో నిలబడిపోతుంది.”

పవిత్ర కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వేరే షాపుకు పోదామంటే అన్నీ మూసేశారు, అందరి స్పానర్లూ పూజలోనే ఉన్నాయి. అత్త పీట దగ్గరికి పోయింది. దండం పెట్టి, కుంకుమ బొట్టుతో ఉన్న స్పానర్ చేతికి తీసుకుంది.

“వద్దక్కా, అరిష్టం!” అన్నాడు గోవిందప్ప.

“వస్తే నాకొస్తుంది లే. నువ్వు పక్కకి జరుగు.”

చక్రాలు రెండూ విప్పింది. కిరోసిన్‌తో కడిగి, గుడ్డతో తడి లేకుండా తుడిచి, గ్రీజు నింపి గుండ్లు ఒక్కొక్కటిగా కూర్చింది. పవిత్ర చక్రం తిప్పి చూసింది.

“బరువుగా ఉంది అవ్వా.”

“ఉండనీ. రేపు కడదాకా ఇట్లే ఉంటుంది.”

మరునాడు పందెం మొదలైన కాసేపటికే వాన దంచికొట్టింది. ఆముదంతో తలంటు పోసుకున్న సైకిళ్ళు ఇంకా చాలానే ఉన్నట్టున్నాయి, ఆ కిర్రు కిర్రు మోతకు చెవులు మూసుకోవాల్సి వచ్చింది. మా పవిత్ర మాత్రం చడీచప్పుడు లేకుండా రెండోదిగా వచ్చేసింది! నేను ఎగిరి కేకలు పెట్టాను. గోవిందప్ప కనబడినవాళ్ళందరికీ “మా వెంకటమ్మక్క చేతి పని” అని చెప్పుకుంటూ తిరిగాడు.

అత్త ఒక్కతే రోడ్డు పక్క మోరీ గట్టు మీద కూర్చుని ఉంది. రెండు చేతులూ జోడించి కళ్ళు మూసుకుంది.

“ఏమైంది అత్తా?”

“సుమా, రాత్రంతా నిద్ర లేదు. పూజలోది ముట్టినాను కదా, బిడ్డ యాడన్నా పడితే ఆ పాపం నాదే అనుకున్నాను. చానా భయపడినాను.”

నేను ఆ చేతులు పట్టుకున్నాను. వెంకటమ్మకు దేవుడంటే లెక్కలేదని ముందురోజు వీధిలో ఎవరో గొణిగితే వాళ్ళతో పోట్లాడాను. అప్పుడు నాకూ ఆమె మనసు పూర్తిగా తెలియదు. ఆమెకు లెక్క ఉంది, భయమూ ఉంది. అంత భయంతోనే ఆ స్పానర్ ఎత్తుకుంది చూడండి, ఆమె కోడలినని చెప్పుకోవడం నాకు అందుకే గొప్ప.