అందరూ ఒప్పుకున్న అదనపు క్లాసు

పొద్దున్న కాఫీ తాగుతుంటే మనవరాలి స్కూలు నుంచి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. పదో తరగతికి ఇకమీదట రాత్రి ఏడింటిదాకా స్టడీ అవర్లట, తల్లిదండ్రులందరూ ఒప్పుకున్నారట. "మంచిదేగా అత్తయ్యగారూ," అంది మా కోడలు. బెజవాడలో గుమ్మం ముందుకే బస్సు వచ్చే పిల్లకి మంచిదే కావచ్చు. ఆ "అందరూ" అన్న మాటకే నాకు ఒళ్లు మండింది.

పామర్రు వైపు ఒక హైస్కూల్లో నేను ఎనిమిది, మా అక్క పది చదివే రోజుల్లో మా హెడ్మాస్టరుగారికీ ఇదే ఆలోచన వచ్చింది. చెడ్డమనిషైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని. బడి వదిలాక గంటన్నరసేపు తనే లెక్కలు చెప్పేవారు, పిల్లలు కునికిపాట్లు పడకుండా సొంత డబ్బుతో వేరుశెనగ ఉండలు పంచేవారు. ఆయన ఇల్లు బడి వెనక వీధే. తన క్లాసు అయ్యేదాకా సూర్యుడు కూడా ఆగుతాడనుకున్నారేమో. మా ఊరి ఆఖరి బస్సు మాత్రం ఆగేది కాదు. అది తప్పితే చీకట్లో కాలవగట్టు మీద నడకే.

నాన్న పొలం పని మానుకుని, నన్ను వెంటబెట్టుకుని వెళ్లి అడిగారు.

"మీటింగులో అందరూ ఒప్పుకున్నారండీ. మీరే రాలేదు," అన్నారు హెడ్మాస్టరుగారు.

"చీకటి పడ్డాక పెట్టారు కదండీ మీటింగు. మా ఊరోళ్లం తిరిగి ఎట్టా పోతాం?"

"ఒక్కళ్ల కోసం టైము మార్చలేనండీ."

ఒక్కళ్లమా! ఆ బస్సులో వచ్చే ఆడపిల్లలందరం. పొద్దున మా తొలి బస్సు బడికంటే ఎంతో ముందే దింపేది. గంట కొట్టేదాకా వరండాలో ఈగలు తోలుకుంటూ కూర్చునేవాళ్లం. ఆ క్లాసేదో అప్పుడు పెట్టండని నాన్న చెప్పబోతే, ఆయన వినకుండానే లేచి వెళ్లిపోయారు.

అక్క సాయంత్రం బస్సెక్కేది. మర్నాడు, క్లాసుకి ఆగలేదని ఆమెని బయట నిలబెట్టేవారు, అదీ లెక్కల పీరియడ్‌లో. లెక్కల్లో క్లాసు మొత్తానికి ఫస్టు మా అక్కే. కొన్నాళ్లు నిలబడింది. ఒకరోజు "నేనింక రాను" అని పుస్తకాల సంచి నా ఒళ్లో పెట్టేసింది. నాన్న ఎంత బతిమాలినా కదల్లేదు.

అక్క ఇప్పుడు చల్లపల్లిలో ఉంటుంది. ఆ సంగతెత్తితే, "పోనీలేవే, పిల్లల మంచికేగా చేశారు," అంటుంది. ఆవిడ క్షమిస్తే క్షమించనీ, నేను క్షమించను. ఆయన బడిరోజుకి గంటన్నర కలిపారు. మా అక్క బడిరోజులన్నీ ఆ గంటన్నరలోనే పోయాయి.