పాలరాతి గుహ ముందు మా వదినె పిలిచిన పేరు

పోలీసు యాక్షన్ జరిగి రెండేళ్ళు దాటినా మా అన్న ఇల్లు చేరలేదు. రజాకార్లకు భయపడి సికింద్రాబాదు విడిచి అమ్రాబాదు కొండల్లోకి పారిపోయినవాళ్ళలో ఆయనా ఒకడు. జ్వరంతో ఉన్నవాణ్ణి పాలరాతి గుహలో వదిలి వచ్చామని, మళ్ళీ వెళ్ళేసరికి మనిషి లేడని తోటివాళ్ళు తలలు దించుకుని చెప్పారు. ఇక కోడలి గాజులు తీయించాల్సిందేనని మా పెద్దనాయన పట్టుబట్టాడు. ఆయన నోటికి అడ్డూ అదుపూ లేదు. "ఆ గుహ నా కండ్లతోని సూడంది గాజులు తియ్య," అంది మా వదినె. రాంగోపాల్‌పేట్ ఇంట్లో ఒక్క మగవాడూ ఆమె వెంట కదల్లేదు. ఒళ్ళు మండి ఆడపడుచుని నేనే బయలుదేరాను.

పొద్దున్నే గౌలిగూడలో అచ్చంపేట బస్సెక్కాం. టికెట్టు మనిషికి మూడు రూపాయలు, నిజాం హాలీ సిక్కాల్లో. దారంతా దుమ్మే, తలకు గుడ్డ కట్టుకోక తప్పదు. "అడవిల ఏ దేవుని కాడికి పోతున్రమ్మా?" అని డ్రైవరు అడిగాడు. "దేవుని కాడికి గాదు, మా ఇంటాయన కాడికి," అంది వదినె. అచ్చంపేటలో దిగాక మన్ననూరు పోయే బండి అతనే చూపించాడు.

ఆమె మా అన్న పేరు పలకదు. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు మొగుడి పేరెత్తరు. అచ్చంపేట పోలీసు ఠాణాలో ఆరా తీయబోతే, తప్పిపోయినవాడి పేరేమిటని అడిగారు; నన్ను మోచేత్తో పొడిచింది, నేనే చెప్పాను. అంత దుఃఖంలోనూ ఇద్దరికీ నవ్వొచ్చింది.

మన్ననూరులో జొన్నరొట్టె, మిరప తొక్కు తిని పడుకున్నాం. నవాబులు వేటకోసం కాపాడుకున్న అడవి అది. మర్నాడు అడవిశాఖవాళ్ళ జంగ్లాత్ చౌకీలో చెప్పి, నాగన్న అనే చెంచు మనిషిని తోడు తీసుకుని, ఎండ ముదరకముందే కొండెక్కాం. గుహ నోరు మామూలు బొరియలాగే ఉంది. లోపలి గోడలు మాత్రం తోడుకున్న పెరుగులా తెల్లగా, నున్నగా కనపడ్డాయి.

నాగన్న మమ్మల్ని ఆపాడు. "ఊకె జొరబడొద్దమ్మా, గుడ్డెలుగులుంటయి. ఎవలదన్న పేరు వెట్టి గట్టిగ పిలువుండ్రి. ఇంటె అవే తొలగిపోతయి."

నేను నోరు తెరవబోయాను. వదినె నా చెయ్యి పట్టుకుంది. కొంగు సర్దుకుని, "రాజలింగం!" అని పిలిచింది.

అది మా అన్న పేరు. లోపలి నుంచి ఆమె గొంతే తిరిగొచ్చింది. ఇంకా గట్టిగా మళ్ళీ పిలిచింది. ఎలుగుబంటి రాలేదు, మా అన్నా రాలేదు. లోపలికి వెళితే మసిబట్టిన పొయ్యిరాళ్ళు మూడు ఉన్నాయి, అంతే.

వదినె అక్కడే కూలబడింది. "ఇన్నేండ్లల్ల ఎన్నడు పేరు వెట్టి పిలువలే సుశీలా. పిలిస్తె కోపానికన్న పలుకుతడనుకున్న. గిప్పుడు సుత పలుకలే. ఇగ లేడు." ఏడుస్తూనే గాజులు తనే తీసి ఆ రాళ్ళ మధ్య పెట్టింది. పెద్దనాయన చేతికి ఆ పని దక్కనివ్వలేదు.

ఆ గుహ చాలా అందమైనది. ఆ మాట రాస్తుంటే ఏడుపొస్తోంది. జ్వరంలో మా అన్న కళ్ళకు చివరగా కనపడింది ఆ తెల్లటి గోడలేనేమో. మీరూ వెళ్ళాలనుకుంటే, లోపల అడుగుపెట్టే ముందు తప్పకుండా కేకవేయండి. ఇంటికి తిరిగొచ్చాక మీకు తలుపు తీసే మనిషి పేరే పిలవండి.