డిక్కీలో దాచిన కాగితం

దెయ్యాల కథలు చెప్పేవాళ్లను ఎగతాళి చేసే రకాన్ని నేను. ఇప్పటికీ నమ్ముతున్నానని చెప్పలేను. మా నాయన విషయంలో జరిగింది మాత్రం ఇక దాచుకోలేను. ఇందులో నాకు భయం కంటే సిగ్గే ఎక్కువ.

నాయనది ధర్మవరం, పట్టుచీరలు నేసేవాడు. ఊపిరితిత్తుల్లో క్యాన్సరు ముదిరింది, ఇక నయం కాదని తెలిశాక తనే పోయి ఒక కాగితం రాయించాడు. గుండె ఆగితే ఛాతీ నొక్కి మళ్లీ నడిపించొద్దు, గొట్టం వేసి ఊపిరి ఆడించొద్దు అని. అలా రాసుకునే హక్కు చట్టంలో ఉందని నాకు అప్పుడే తెలిసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ ముద్ర. సాక్షుల్లో ఒకరు పెనుకొండలో ఉండే నారాయణప్ప మామ, నాయన చిన్ననాటి స్నేహితుడు. తనకు తెలివి లేనప్పుడు డాక్టర్లతో మాట్లాడాల్సిన మనిషిగా నా పేరు రాయించాడు.

దాన్ని పట్టుచీర కవరులో పెట్టి నా చేతికిచ్చాడు. "చీర అయిపోయినంక మగ్గం మీంచి కోసేయాల్సిందే కదరా" అన్నాడు.

హిందూపురంలో మా ఇంట్లో ఉండగా పడిపోయాడు. ఆస్పత్రిలో డాక్టరమ్మ సూటిగానే అడిగింది, ముందే ఏమైనా రాసిపెట్టారా అని. లేదన్నాను. కవరు బయట నా స్కూటర్ డిక్కీలో ఉంది. తండ్రిని చేతులారా చంపుకున్నాడని చుట్టాలంటారని భయం. ప్రేమ అని చెప్పుకుంటే బాగుండేది, కానీ కాదు.

రెండుసార్లు గుండె ఆగింది. రెండుసార్లూ ఛాతీ నొక్కి మళ్లీ నడిపించారు. పక్కటెముకలు విరిగాయి. గొట్టం పీకేసుకోకుండా చేతులు మంచానికి కట్టారు. కొడుకంటే నువ్వేరా అని చుట్టాలు మెచ్చుకుంటే తల ఊపాను.

ఆరో రోజు పొద్దున పదిన్నరకు నారాయణప్ప మామ వచ్చాడు. ఆయనకు కావాలనే కబురు పెట్టలేదు నేను. చేతిలో పట్టుచీర కవరు.

"ఏమబ్బా, మీ నాయన నిన్న పొద్దున మా ఇంటికొచ్చినాడు. కూచోమన్నా కూచోలా. ఇది ఈడ డాక్టరమ్మకు ఇమ్మన్యాడు. యాడ ఉండాడు?"

నిన్న పొద్దున నేను ఐసీయూ అద్దం దగ్గరే ఉన్నాను. నాయన చేతులు కట్టే ఉన్నాయి. అద్దంలోంచి చూపించాను. మామ కవరు నా చేతిలో పెట్టాడు.

లోపలి కాగితం జిరాక్సేమో అనుకున్నాను. కాదు. నాయన సంతకం పక్కన ఆయన వేలికంటిన రంగు మరక కూడా ఉంది. డిక్కీ తాళం నా జేబులోనే ఉంది. పోయి తీసి చూశాను. ఆర్సీ ఉంది, రెయిన్ కోటు ఉంది. కవరు లేదు.

ఇంట్లో వెతికితే ఇప్పుడు దొరికిందని డాక్టరమ్మకు ఇంకో అబద్ధం చెప్పాను. వాళ్లు సాక్షిని అడిగారు, రెండు బృందాల డాక్టర్లు చూశారు, చివరికి నన్నడిగారు. సరేనన్నాను. మర్నాడు మధ్యాహ్నం గొట్టం తీశారు. నాయన ప్రశాంతంగా పోయాడు.

దినాలయ్యాక మామను అడిగాను, ఆ రోజు నాయన ఇంకేమన్నాడని.

"మావోడు మరిచిపోయినాడు, వాన్నేమీ అనొద్దు అన్యాడబ్బా."

ఆ కవరు పెనుకొండకు ఎలా పోయిందో నాకిప్పటికీ తెలియదు. నేను మరిచిపోలేదని మాత్రం నాయనకు తెలుసు.